ఈల వినే మనిషి

పోయిన ఆదివారం మా ఇంట్లో టీవీకి గొంతు మిగిలింది గానీ ముఖం పోయింది. వార్తలు చదివే అమ్మాయి మాటలు శుభ్రంగా వినపడుతున్నాయి, మనిషి మాత్రం లేదు. గోడకు తగిలించిన నల్లటి పలక ఒకటి నా బట్టతలను నాకే చూపిస్తూ నిలబడింది. ఇన్నేళ్లకు టీవీలో కనపడే యోగం పట్టింది కదా అని నేనూ కాసేపు చూసుకున్నాను. కృష్ణపట్నంలో డ్యూటీ దిగి కంపెనీ బస్సులో నెల్లూరికి వచ్చిన మా అల్లుడు ఎవరికో ఫోను చేస్తే, మరునాడు మెకానిక్ వచ్చాడు. అతను స్క్రూడ్రైవరు తీయలేదు, సంచీ కూడా తేలేదు. జేబులోంచి ఫోను తీసి, దాని లైటును తెరకు ఆనించి, వంగి చూసి, లోపల బొమ్మ నీడలాగా కదులుతూనే ఉందనీ, దాని వెనుక వెలగవలసిన దీపాలు పోయాయనీ, విప్పితే అద్దం పగిలే ప్రమాదం ఉంది గనుక కొత్తది తెచ్చుకోవడమే మేలనీ తేల్చేశాడు. నేనూ ఒకప్పుడు ఈ పనే చేసేవాణ్ణని మా అమ్మాయి చెబితే, "అవునా అంకుల్, డబ్బా టీవీలా?" అన్నాడు మర్యాదగానే. డబ్బా టీవీలే. వాటి వెనకాల కూర్చునే నా బతుకంతా గడిచింది. తెర వెనుక పనిచేశానని నాలాగా అక్షరాలా చెప్పుకోగలిగినవాళ్లు సినిమావాళ్లలో కూడా తక్కువే ఉంటారు.

అతను చెప్పులేసుకుంటుంటే నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి ఒక ప్రశ్న జారింది. "ఈల ఉందా లేదా విన్నావా నాయనా?" అతను నా వైపూ మా అమ్మాయి వైపూ చూసి, నవ్వి, వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు. అతను పుట్టేసరికే ఆ ఈల మా ఇళ్లలోంచి వెళ్లిపోయే దారిలో ఉంది.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో టీవీ పెట్టగానే, బొమ్మ రాకముందే, సన్నగా, సూదిమొనలాంటి ఈల ఒకటి మొదలయ్యేది. వీధిలో నడిచిపోతూ కూడా ఫలానావారింట్లో టీవీ పెట్టారని చెప్పగలిగేవాళ్లం. వెనుక భాగంలో ఈహెచ్‌టీ అని మేము పిలుచుకునే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉండేది, ఆ కూత దానిది. తెర నల్లగా ఉందని ఎవరైనా పిలిస్తే మా పనివాళ్లు మొట్టమొదట చేసేది చెవి రిక్కించడమే. ఈల ఉందంటే తెరకు పెద్ద కరెంటు అందుతున్నట్టు, రోగం ఇంకెక్కడో చిన్నదే. ఈల లేదంటే లోపల గుండెకాయే ఆగినట్టు, విప్పాల్సిందే. వైద్యుడికి నాడి ఎట్లాగో మాకు ఈల అట్లాగ.

చిక్కేమిటంటే, ఆ ఈల నాకు వినపడేది కాదు.

టీవీల పని నేర్చుకోకముందు నేను నాయుడుపేటలో ఒక రైసుమిల్లులో ఎనిమిదేళ్లు పనిచేశాను. ఆ మిల్లు నాకు పెళ్లి చేసుకునేంత జీతమిచ్చి, బదులుగా చెవుల్లోంచి సన్నటి శబ్దాలన్నీ పట్టుకుపోయింది. మాటలు వినపడేవి, బస్సు హారన్లు వినపడేవి, మా మామగారి సలహాలు అవసరమైనదానికంటే ఎక్కువగానే వినపడేవి. పిచ్చుకలూ, పొయ్యి మీద పోపు చిటపటలూ, టీవీ ఈలా మాత్రం పోయాయి. సూళ్లూరుపేటలో ఇంటి ముందు గదిలోనే కొట్టు పెట్టాక గానీ నాకా సంగతి తెలియలేదు. తెలిసింది కూడా నాకు కాదు, మా ఆవిడకు. ఒకరోజు నేను టీవీ ఒకటి చచ్చిపోయిందని ముఖం వేలాడేసుకుని కూర్చుంటే, వంటింట్లోంచి వచ్చి, "చెవి పోటెత్తిపోతా ఉంది, ఆపవయ్యా దాన్ని," అంది. నేను ఏ కూత అన్నట్టు మొహం పెట్టాను. నిజంగానే వినపడలేదు కాబట్టి నటన బాగా కుదిరింది.

ఆ తరువాత మా ఇద్దరి మధ్య, ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే, ఒక ఏర్పాటు కుదిరింది. టీవీ తెచ్చినవాళ్ల ముందు నేను స్విచ్చి వేసి, గొప్పగా చెవి ఒగ్గి, కళ్లు మూసుకునేవాణ్ణి. లోపల ఆమె విని, ఈల ఉంటే వచ్చినవాళ్లకు గ్లాసుడు మజ్జిగ తెచ్చేది. లేకపోతే తెచ్చేది కాదు. ఓరకంట మజ్జిగ కనపడగానే నేను కళ్లు తెరిచి, చిన్న రోగమేలే అనేవాణ్ణి. దీనివల్ల మా ఇంటి మర్యాద మీద ఊళ్లో రెండు అభిప్రాయాలుండేవి. చిన్న రోగాల వాళ్లు మమ్మల్ని మెచ్చుకునేవాళ్లు, పెద్ద రోగాల వాళ్లు పిసినారులనేవాళ్లు.

ఇళ్లకు పోయి చూడాల్సి వస్తేనే ఇబ్బంది. ఏదో చుట్టరికం చూసి వద్దామన్నట్టు ఆమెను సైకిలు వెనుక కూర్చోబెట్టుకుని వెళ్లేవాణ్ణి. ఎన్నాళ్లిట్లా, చెవులు సరిగా లేవని నలుగురికీ చెప్పేస్తే పోతుంది కదా అని ఆమె వాదన. చెవిటి మెకానిక్ దగ్గరికి ఎవరొస్తారని నాది.

"గుడ్డి మెకానిక్ అయితే భయపడాల," అంది ఒకనాడు పొద్దున్నే, నాకు ఇడ్లీ వడ్డిస్తూ. "చెవిటికేముంది? నా చెవులుండాయి గదా."

"నీ చెవులు నా తలకు అతికించుకుని తిరగమంటావా?"

"అతికించుకోకపోతే పోనీ, దాచిపెట్టుకుంటావెందుకు? నేనేం దొంగసొత్తా?"

ఆ మాటకు కోపం తెచ్చుకున్నాను. జవాబు లేనప్పుడు కోపం తెచ్చుకునే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. సరిగ్గా అప్పుడే చెరువు వైపు వీధిలో ఉండే ఒక అవ్వ దగ్గరినుంచి కబురొచ్చింది, టీవీ నల్లగా ఉంది, వెంటనే రమ్మని. ఆ రోజు పది దాటాక శ్రీహరికోటలో రాకెట్టు ఎగరబోతోంది. ఆ కబురు విని, మా ఆవిడను పిలవకుండా, సంచీ తీసుకుని ఒక్కణ్ణే సైకిలెక్కాను.

ఆ అవ్వ ప్రార్థనా మందిరంలో ముందు వరుసలో కూర్చునే మనిషి, మోకాళ్లు పోయి కొన్నాళ్లుగా ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటోంది. కొడుక్కి శ్రీహరికోటలోనే పని. కోడలు పురిటికి వెళ్లింది, కొడుకు ప్రయోగం పనిమీద వారం రోజులుగా ఇంటికి రాలేదు. మా ఊళ్లో రాకెట్టు చూడటానికి టీవీ ఎవరికీ అక్కర్లేదు, మిద్దె ఎక్కితే చాలు. అవ్వకు అక్కరయింది రాకెట్టు కాదు. ఇన్నేళ్లూ ఎక్కడో బయట షెడ్డుల్లో పనిచేసిన కొడుకును మొదటిసారి పెద్ద హాల్లో, కంప్యూటర్ల ముందు వరుసల్లో కూర్చోబెట్టారట. రాకెట్టు పోయాక ఆ హాలును టీవీలో చూపిస్తారు. "మూడో వరసలో చివర కూర్చుంటా, చూడమ్మా అని చెప్పి పోయినాడు అబ్బయ్యా," అంది. మంచం మీదనే తల దువ్వుకుని, తెల్లచీర కట్టుకుని, కొడుకే తనను చూడబోతున్నట్టు తయారై కూర్చుంది.

స్విచ్చి వేశాను. పాట వస్తోంది, బొమ్మ లేదు. వెనక మూత విప్పి చెవి పెట్టాను. ఏమీ లేదు. ఏమీ ఉండదని నాకు తెలుసు, అయినా ఆ పూట పౌరుషం నన్ను ఒప్పుకోనివ్వలేదు. మూత విప్పాక ఈల ఉన్నదీ లేనిదీ మీటరూ చెబుతుంది గానీ, కోపంలో వస్తూ మీటరును బల్ల మీదే వదిలేశాను. ఈల ఉన్నప్పుడు ముంజేయి తెర దగ్గర పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకోవాలి. నా చెయ్యి చెమటతో తడిసి ఉంది, ఒక్కటీ లేవలేదు. ఆ నెలలో ఆ వీధిలోనే ఉప్పుగాలికి మూడు టీవీలు ఒకే రోగంతో పడిపోయాయి, ఇదీ అదేనని తీర్మానించేసుకున్నాను. అనుభవం ముదిరినవాళ్లకు వచ్చే జబ్బు ఇది. లోపలి ట్రాన్సిస్టర్‌ను ఊడబెరికి కొత్తది పెట్టాను. తెర అట్లాగే ఉంది. ఇక ట్రాన్స్‌ఫార్మరే పోయిందనుకుని, అదంతా విప్పడానికి సిద్ధపడుతున్నాను. మిద్దెల మీద జనం అంకెలు లెక్కపెట్టడం మొదలైంది. అవ్వ పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి.

అప్పుడు గుమ్మంలో మా ఆవిడ, చేతిలో నేను మరిచిపోయిన మీటరుతో. అంత దూరం ఎండలో నడిచి వచ్చింది. గడపలో కాలు పెడుతూనే ఆగి, తల పక్కకు వంచి, "కూస్తానే ఉంది గదయ్యా," అంది.

అవ్వ ముందు అంది. దాచడానికి మజ్జిగ కూడా లేదు.

ఈల ఉందంటే రోగం చిన్నది. నేను ముందుకొచ్చి మీటలు చూశాను. వెలుగు తగ్గించే పెంచే మీట పూర్తిగా కిందికి తిప్పేసి ఉంది. ఎవరు తిప్పారవ్వా అంటే, తానేనంది. రాత్రి పూట లాంతరును ఆర్పేముందు వత్తి దించుతామే, అట్లాగే ప్రతి రాత్రీ టీవీ వెలుగును దించి, ఆ తరువాతే స్విచ్చి ఆపుతుందట. దించకుండా ఆర్పితే గాజు పగిలిపోదూ అంది. మరి మరునాడు ఎవరు పెంచుతారు అంటే, పెంచాలా అని నన్నే అడిగింది. అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్లూ కొడుకు సాయంత్రం ఇంటికి రాగానే, అమ్మతో ఒక్క మాట అనకుండా, ఆ మీటను పైకి తిప్పుతూ వచ్చాడు. వారం రోజులుగా తిప్పేవాడు లేడు, ఆమెకూ ఆ పూటదాకా టీవీ పెట్టే పని పడలేదు.

మీట తిప్పాను. బొమ్మ వచ్చేలోపల బయట కేకలు లేచాయి, కాసేపటికి ఆ ఉరుము మా ఊరికి చేరి, గూట్లో గ్లాసులు గలగలలాడాయి. తెర వెలిగేసరికి ఆకాశంలో పొగ చారిక ఒకటే మిగిలింది. మరికొంత సేపటికి హాలు కనపడింది. అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు, చేతులు కలుపుకుంటున్నారు, అన్నీ వీపులే, తెల్లచొక్కాలే. కెమెరా గబగబా తిరిగి మరోచోటికి పోయింది. నేను అవ్వ వైపు చూడలేక ట్రాన్సిస్టర్ కాళ్లు చూస్తూ నిలబడ్డాను.

"అడుగో, మావాడే," అంది అవ్వ. "చివర్లో నిలబడుండాడు. చూసినావా అబ్బయ్యా? చిక్కిపోయినాడు."

నా గుండె మీది బరువు దిగింది. దారిలో సైకిలు నడిపించుకుంటూ, ఎంత అదృష్టమో చూశావా అని మా ఆవిడతో అన్నాను. ఆమె మీటరును సంచీలో సర్దుకుంటూ నడిచింది.

కొన్నాళ్లకు ఆ కొడుకే రేడియో బాగు చేయించుకోవడానికి కొట్టుకు వచ్చాడు. మాటల్లో చెప్పాడు, చప్పట్ల వేళకు తాను హాల్లో లేడట, పక్కగదిలోంచి ఏదో కాగితం తెమ్మంటే వెళ్లాడట. "అమ్మ చూశానంటోంది అన్నా, నేనూ అవునన్నా," అని నవ్వాడు. అతను వెళ్లాక ఆ సంగతి లోపలికి వెళ్లి చెబితే, మా ఆవిడ బియ్యంలో రాళ్లేరుతూ తల ఎత్తకుండానే, "ఆ పూటే తెలుసు. ఆమె టీవీ చూస్తా చెప్పలా, నీ మొహం చూస్తా చెప్పింది," అంది.

ఆ వేళ నేను కొట్టు గుమ్మంలో నిలబడి, బల్ల దగ్గరున్న ఇద్దరితో, నాకు సన్నటి శబ్దాలు వినపడవనీ, ఈల మా ఆవిడే వింటుందనీ చెప్పేశాను. వాళ్లు ఆశ్చర్యపోలేదు. ఊరందరికీ ఎప్పుడో తెలుసట. చెవిటివాడి రహస్యం చెవిటివాడికే తెలియకపోవడం వింతేమీ కాదు. అప్పటినుంచి ఆమె ముందు గదిలోనే స్టూలు వేసుకుని కూర్చునేది. "ఉందా?" అంటే తల పక్కకు వంచి, "ఉంది," అనో "లేదు," అనో చెప్పేది. ఆ తరువాతి ఏళ్లే మా ఇద్దరికీ మంచి ఏళ్లు.

రంగుల టీవీలు వచ్చి పాతబడ్డాయి, పిల్లల పెళ్లిళ్లయ్యాయి. ఒక మధ్యాహ్నం బల్ల మీద టీవీ ఒకటి నా వైపు తిరిగి ఉంది, బొమ్మ చక్కగా ఆడుతోంది. అలవాటు కొద్దీ, కొంచెం వేళాకోళంగా, "ఉందా?" అన్నాను. ఆమె తల వంచి, చాలా సేపు విని, "లేదయ్యా," అంది.

నేను తెర వైపు చూశాను. ఆమె వైపు చూశాను. "నేనూ అదే అనుకున్నా," అని స్విచ్చి ఆపేశాను.

ఆ రోజునుంచి మీటరు నా ఒళ్లో ఉండేది, బల్ల కింద, ఆమెకు కనపడకుండా. అడగడం మాత్రం మానలేదు. ఆమె చెప్పడమూ మానలేదు. కొన్నిసార్లు సరిపోయేది, కొన్నిసార్లు సరిపోయేది కాదు, పని మాత్రం జరిగిపోయేది. ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. వీపు చూసి కొడుకన్న అవ్వ అబద్ధాన్ని ఆ పూటే పట్టుకున్న మనిషి, నా ఒళ్లో మీటరును పట్టుకోలేకపోయిందంటే నమ్మడం కష్టమే.

ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పటి టీవీలు మౌనంగా పనిచేస్తాయి, మౌనంగానే పోతాయి, బాగు చేయడానికి ఇద్దరు మనుషులు అక్కర్లేదు, ఒక్కోసారి ఒక్కరూ అక్కర్లేదు. మంచిదేనేమో. ఆమె ఆఖరి ఏడు ఎవరో పులికాట్ పల్లెనుంచి అటక మీద పడి ఉన్న చిన్న టీవీ ఒకటి తెచ్చారు, ఉప్పు తిని లోపలంతా తుప్పు. స్విచ్చి వేసి అడిగాను. మంచం మీదనుంచే తల పక్కకు వంచింది. "ఉంది," అంది. "సన్నగా ఉంది, నీకు వినపడదులే."

మీటరు ముల్లు కదల్లేదు. నేను దాన్ని బల్ల కింద పెట్టేసి, కళ్లు మూసుకుని, ఆమె విన్నదేదో నాకూ వినపడుతుందేమోనని చాలా సేపు కూర్చున్నాను.