ఈత కొలనుకు పేడ నీళ్లు

ఇప్పుడైతే పాడైన మోటరు ముందు పది నిమిషాలు ఊరికే కూర్చోగలను గానీ, ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. జనగామలో మోటర్లు బాగుచేసే షాపులో పనికి కుదిరి ఏడాది కూడా నిండలేదు. కాటారం దగ్గరి మా ఊళ్లో బావి మోటర్ల మధ్యే పెరిగినవాణ్ని కాబట్టి, నీళ్లు తోడే యంత్రమేదైనా నా మాట వినాల్సిందేనని గట్టి నమ్మకం. (ఆ సంగతి మోటర్లకు తెలియదు.) ఎదుటివాళ్లు సగం చెప్పేలోపే మిగతా సగం నేనే పూరించుకుని స్పానరు అందుకునేవాణ్ని. మా సేటు నన్ను 'ఆగమాగం' అనే పిలిచేవాడు.

ఒక ఎండాకాలం పొద్దున, ఊరి బయటి ఫామ్‌హౌస్‌లో ఈత కొలను మోటరు నీళ్లు సరిగా గుంజడం లేదని ఫోను వచ్చింది. సాయంత్రం ఆ ఇంటి పాప పుట్టినరోజు, చుట్టాల పిల్లలంతా ఈతకు దిగుతారట. మా షాపు పెద్ద మేస్త్రీ పెళ్లికి పోయాడు. సేటు నన్ను ఎగాదిగా చూసి, "గిది మంచిగ చేసుకొస్తె రేపటి సంది ఒక్కనివే పనులకు పోతవు. చెడగొడితె మల్ల కాయిల్ చుట్టుడే" అన్నాడు. షాపు మూల కూర్చుని రోజంతా రాగితీగ చుట్టడమంటే నా ప్రాణానికి జైలే. బండి ఎలా నడిపానో నాకే తెలియదు.

యజమానులు ఇంకా రాలేదు. తోట చూసుకునే అవ్వ ఒక్కతే ఉంది. నేను బండికి స్టాండు వేయకముందే ఆమె ఏదో చెప్పబోయింది. "జర ఆగవ్వా" అంటూ మోటరు గదిలోకి దూరాను. మోటరు మీది అద్దం మూత కింద బుడగలు ఆడుతున్నాయి. అంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. (అక్కడిదాకా నేను కరెక్టే. ఈ మాట నా మనశ్శాంతి కోసం రాస్తున్నాను.) మూత తీసి జాలిబుట్టలోని ఆకులు దులిపాను, రబ్బరు రింగుకు గ్రీజు పూశాను, కనబడిన అతుకుకల్లా టేపు చుట్టాను. బుడగలు తగ్గలేదు. అవ్వ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది, రెండుసార్లూ ఆగమన్నాను. మూడోసారి చాయ్ తెచ్చింది. ఆ చాయ్ తాగుతూ కూడా ఆగమనే అన్నాను.

మధ్యాహ్నం దాటేసరికి నాలో భయం మొదలైంది. అప్పుడు మా బాపు గుర్తొచ్చాడు. బావి మోటరు గాలి పీలిస్తే ఆయన పేడ నీళ్లు చిక్కగా కలిపి పోసేవాడు. సందుల్లో పేడ పట్టుకుని గాలి ఆగిపోయేది. ఇక్కడ కొట్టంలో బర్రె ఉండనే ఉంది. బకెట్లో కలిపి, సగం మోటరులో పోసి, మూత బిగించి స్విచ్చి వేశాను. బయటికొచ్చి చూస్తే, నీళ్లు తిరిగొచ్చే కంతలోంచి ఒక పచ్చటి మబ్బు మెల్లగా కొలనులోకి బయలుదేరింది. నేను పరుగున వెళ్లి స్విచ్చి ఆపేసరికి మూడోవంతు కొలను నాటుకు తయారైన మడిలా ఉంది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

అవ్వ కొలను గట్టున కూర్చుని, నన్నూ కూర్చోబెట్టి, "ఇగనన్న చెప్పాల్నా బిడ్డా?" అంది. తలూపాను.

"గా గోడకున్న నోరు సూడు. నీళ్లు దాని సగానికి దిగినయి. వారం సంది ఎవ్వలు నీళ్లు వట్టలే. సగం గాలే మింగుతాంది."

చూస్తే, కొలను నీళ్లు మోటరుకు వెళ్లే నోరు సగం బయటపడి గుటకలు వేస్తోంది. బోరు స్విచ్చి వేసి జానెడు నీళ్లు నింపాం. బుడగలు మాయమై మోటరు పట్టి గుంజింది. వడకట్టే ఇసుక ట్యాంకును మూడుసార్లు కడిగాక, సాయంత్రానికి నీళ్లలో రంగైతే పోయింది. వాసన పోలేదు.

యజమాని కారు దిగుతూనే ముక్కు చిట్లించి, ఈ పేడ వాసన ఏమిటని అడిగాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"పాప పుట్టినరోజు గద సారూ, వాకిట్ల సాన్పు జల్లిన" అంది అవ్వ, ముగ్గు చూపిస్తూ. మిగిలిన సగం బకెట్టు పేడ నీళ్లు ఏమయ్యాయో నాకు అప్పుడే తెలిసింది.

ఈ కాలంలో ఇవన్నీ ఎవరు చేస్తున్నారని ఆయన మురిసిపోయాడు. పిల్లలు కేరింతలు కొడుతూ దూకారు. (ఆ పాప ఇప్పుడు డాక్టరు చదువులో ఉందట. ఏమీ కాలేదనే అనుకుంటున్నాను.)

మర్నాటి నుంచి ఒక్కడినే పనులకు పోయాను. ఇప్పుడు నాకే ఒక షాపుంది. ఎవరైనా నా ముందు నోరు తెరిస్తే 'జర ఆగు' అన్న మాట ఈనాటికీ నాలుక చివరిదాకా వస్తుంది. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో పేడ వాసన కొడుతుంది. ఇక నోరు మూసుకుని చివరిదాకా వింటాను. వయసుతో పాటు నాకు ఓపిక కూడా వచ్చిందని మా ఆవిడ అందరికీ చెప్పుకుని సంబరపడుతుంటుంది.