నోటు కదిలింది, ఫైలు కదల్లేదు

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, అరకులో పాత విత్తనాలు సేకరించే ఒక చిన్న సంస్థ కోసం నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేయడానికి ఒప్పుకున్నాను. రెండు నెలల్లో అయిపోతుందన్నాను. ఫోల్డర్ల గొడవొక్కటే ఏడాది తినేసింది.

దాన్ని వాడేది ఒకే ఒక్క మనిషి. ముంచింగిపుట్టు అవతల ఊళ్ళో పుట్టి, పదో తరగతి చదివి, కొండల్లో ఊరూరా తిరుగుతూ చోళ్ళు, సామలు, కొర్రల్లాంటి చిరుధాన్యాల రకాల గురించి వివరాలు రాసుకొచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేవాణ్ణి. ఒక్కో రకానికి ఒక నోటు రాసి, దానికి ఫొటోలు, ముసలివాళ్ళ మాటల రికార్డింగులు జత చేసేది.

మొదటి వారంలోనే తగువు మొదలైంది. 'కొత్తవి' అనే ఫోల్డర్‌లోంచి నోటును ఊరి పేరున్న ఫోల్డర్‌లోకి లాగితే నోటు వెళ్ళింది గానీ ఫొటోలు పాతచోటే ఉండిపోయాయి. వాటి బదులు నోటులో ఎర్ర ఇంటూ గుర్తులు కనిపించాయి. నోటు వేరు, ఫైలు వేరు అని నేను చెప్పబోయాను. ఆమె వినలేదు.

"ఇల్లు మారినప్పుడు సామాను అక్కడే వదిలేసి పోతావేటి తమ్ముడూ?"

సరేనని, నోటు ఎక్కడికి పోతే ఫైలు అక్కడికి పోయేలా మార్చాను. మూడు రోజుల పని. అది కుదిరిందని నాకెంత సంతోషమో.

ఒకే ఫైలును రెండు నోట్లకు జత చేయవచ్చన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. జి.మాడుగుల పైన ఒక కొండ ఊళ్ళో, ఏ వాలులో ఏ చోళ్ళు చల్లాలో ఒక ముసలమ్మ వరసగా చెప్పిన రికార్డింగు ఉండేది. అక్క దాన్ని విత్తనాల నోటుకూ, పండగల నోటుకూ జత చేసింది. తర్వాత పండగల నోటును 'పాతవి' అనే ఫోల్డర్‌లోకి జరిపింది. రికార్డింగు కూడా దానివెంట వెళ్ళిపోయింది. రెండో నోటులో ఎలాగూ ఉంది కదా అని ఆ 'పాతవి'ని మొత్తంగా చెరిపేసింది. రికార్డర్‌లో ఉన్నదాన్ని అప్పటికే తుడిచేశారు.

తప్పు ఆమెదని ఒక పూటంతా వాదించాను. ఆమె మర్నాడు పొద్దున్నే బస్సుకు తయారైంది. నన్నూ రమ్మంది. పాడేరులో దిగి, జీపు పట్టుకుని, చివర రెండు గంటలు నడిచాం. నా చెప్పు తెగింది.

ముసలమ్మ పెరట్లో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. విషయం విని తల కూడా ఎత్తలేదు.

"మొన్న సెప్పినాను గదా. ఏటి సేసినావు దాన్ని?"

పోయిందన్నాను. ఎలా పోయిందని అడిగింది. ఫోల్డరన్న మాట లేకుండా చెప్పడానికి తంటాలు పడుతుంటే అక్క మధ్యలో అందుకుని, ఈ బాబు పొరపాటున పారేశాడని చెప్పేసింది. నిజానికి అంతకంటే సరైన వివరణ లేదు. నా ముఖం మాడిపోయింది.

ముసలమ్మ మళ్ళీ చెప్పింది గానీ విసుగ్గా, ముక్కలు ముక్కలుగా చెప్పింది. మొదటిసారి మధ్యలో పాడిన పాటను ఎంత బతిమాలినా పాడలేదు. దానికి ఆ రోజు మనసు రావాలట.

తిరుగు ప్రయాణంలో జీపు వెనక నిలబడే కొత్త పద్ధతి ఆలోచించాను. ఫైలును ఒక్క నోటే వాడుకుంటుంటే దానివెంట కదలాలి. ఇంకో నోటు కూడా వాడుకుంటుంటే నకలు కదలాలి, అసలుది ఉన్నచోటే ఉండాలి. ఫోల్డర్ చెరిపినా అందులోని ఫైళ్ళు చెరిగిపోకుండా వేరే ఒకచోట చేరాలి. ఆ చోటుకు ఏం పేరు పెట్టాలని బస్సెక్కాక అక్కను అడిగాను.

"దిక్కులేనివి అని రాయి" అంది, కిటికీ వైపు చూస్తూనే.

అలాగే రాశాను. నెల తిరగకముందే మళ్ళీ ఫిర్యాదు చేసింది. ఒకే ఫొటో మూడు చోట్ల కనిపిస్తోందట, ఒకదాని మీద పేరు మారిస్తే మిగతా రెండింటి మీద మారడం లేదట. నకళ్ళంటే అంతే అక్కా అన్నాను. ఫైళ్ళు ఉన్నచోటే ఉండిపోయే మొదటి పద్ధతే నయమంది. మొదటిదాని మీద ఆమె పెట్టిన పోరు అంతా గుర్తు చేయబోయి, వద్దులెమ్మని మళ్ళీ కంప్యూటర్ తెరిచాను.