లోపలి పేరు

ఊళ్లో ఏ పెళ్లి ఫోటోలైనా పోటీ ఫోటోగ్రాఫరు షర్మిల తీసిందని తెలిస్తే చాలు, స్టూడియో క్రీస్తురాజుకు ఆ పూట అన్నం సయించదు. ఎలాగోలా పెళ్లివారి దగ్గర పెన్‌డ్రైవ్ సంపాదించి, కంప్యూటర్లో ఒక్కో ఫోటో మీద రైట్ క్లిక్ కొట్టి, అందులో కెమెరా రాసిపెట్టిన వివరాలు తెరుస్తాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు తెరకు తగిలేంతగా వంగి, షట్టరు ఎంత, ఎపర్చరు ఎంత, ఐఎస్ఓ ఎంత అని నోట్‌బుక్కులో రాసుకుంటాడు. తర్వాతి పెళ్లిలో వెలుతురు ఎలా ఉన్నా సరే, తన కెమెరాలో అవే అంకెలు పెడతాడు. పెళ్లికూతురు బూడిదరంగులో వస్తుంది. "ఇంకేదో దాస్తోందిది" అని పళ్లు నూరుతాడు.

మొన్న మాకవరపాలెం చర్చిలో షర్మిల తీసిన ఫోటో ఒకటి చూశాడు. మేలిముసుగులోంచి పెళ్లికూతురు వాళ్లమ్మను చూసి నవ్వుతోంది. అంకెలు రాసుకుని, ఎప్పుడూ లేనిది ఆ వివరాలను కాస్త పైకి జరిపితే, తీసినవారి పేరు దగ్గర క్రీస్తురాజు అని ఉంది.

"ఇదేటే, ఇందులో నా పేరుందేటి?" అని భార్యను కేకేశాడు.

కృపామణి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "కొన్నరోజు పాస్టరు గారి సేత ప్రార్థన సేయించి, అందులో నీ పేరెక్కించినావు కదా, ఆ కెమెరాతో తీసిందే ఇది. ఫోటోలు బాగా రావట్లేదని నువ్వే ఆ పిల్లకి అమ్మీసావు."

క్రీస్తురాజు మర్నాడు ఆ ఫోటో పెద్దది చేయించి స్టూడియో గుమ్మంలో తగిలించాడు. ఎవరు తీశారని అడిగినవాళ్లకు ఒకటే జవాబు: "నాను సెప్పడమెందుకండీ, లోపల పేరుంది సూసుకోండి."