స్టిక్కర్ గీకేసిన జిప్పులక్క

మార్కెట్ మెట్ల కింద ముప్పై ఏళ్లుగా ప్యాంట్లకు, సంచులకు జిప్పులు మారుస్తున్న ఆమెను అందరూ జిప్పులక్క అంటారు. కిందటి నెల కొడుకు ఆమె కుట్టుమిషన్‌కు ఫోన్‌తో డబ్బు కట్టే క్యూఆర్ కోడ్ స్టిక్కర్ అంటించాడు. అప్పటినుంచి సంపాదనంతా ఆమె బ్యాంకు ఖాతాలోకే వెళ్లేది. పైసా వచ్చినా, పోయినా కొడుకు ఫోన్‌కు మెసేజ్ చేరేది.

ఒక మధ్యాహ్నం అతడు మొహం గంటు పెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, నిన్న పిన్నికి ఐదొందలు పంపావా? ఆవిడతో మాటలే వద్దని నాన్న చెప్పారు కదా!"

పిన్ని అంటే జిప్పులక్క చెల్లెలు. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుందని పదేళ్ల కిందట ఇంటిల్లిపాదీ ఆమెను వెలివేశారు. అక్క మాత్రం చెల్లెలి పిల్లల చదువుకని నెలనెలా ఎంతో కొంత ఇస్తూనే ఉంది. నోట్లిచ్చినంతకాలం ఆ సంగతి మూడో కంటికి తెలియలేదు.

"పంపాను. అయితే ఏంటి?"

"అడిగితే తప్పా? నీ మంచికేగా!"

"నా వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా నీకు మెసేజ్ వచ్చిందా? మరి నా డబ్బు కదిలితే ఎందుకు రావాలిరా?"

ఆమె కత్తెర మొనతో స్టిక్కర్‌ను గీకి పారేసి, ఆ పక్క గోడమీద సుద్దముక్కతో "నోట్లే తీసుకుంటాను" అని రాసింది.

ఆ వారం సగం బేరాలు పోయాయి. కొందరు విసుక్కున్నారు, కొందరు నవ్వారు. ఆమె ఖాతరు చేయలేదు. ఆదివారం పట్టపగలు చెల్లెలిని కొట్టుకే పిలిపించి, నలుగురూ చూస్తుండగా చేతిలో నోట్లు పెట్టింది.

"ఎవరైనా అడిగితే దాచకు. అక్క ఇచ్చిందని చెప్పు."