దొరక్కపోతే ఖాళీ గడి

మా తమ్ముణ్ణి ఇంట్లో నసగాడనేవాళ్లం. ఒక్క మాట అడిగితే పది చెబుతాడు. ఆసుపత్రి కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం వచ్చాక ఆ నస మరీ ముదిరింది.

"అక్కా, కంప్యూటర్లో ప్రతి రోగీ ఒక ఆబ్జెక్ట్, అంటే ఓ వివరాల మూట. వయసు, రక్తం గ్రూపు, పడని మందులు, ఇవన్నీ దాని ప్రాపర్టీలు. వాటిలో ఏవి చూడాలో వార్డువాళ్లే ఎంచుకుంటారు. ప్రోగ్రాం నడుస్తుండగానే ఆ పేరున్న ప్రాపర్టీని వెతికి తెస్తుంది." కంచం ముందు కూర్చున్నా ఇదే గోల.

మా ఆయన ఊరుకునే మనిషా? "అడిగిన పేరు దొరక్కపోతేనో, బావమరిదీ?"

"ఖాళీ గడి చూపిస్తుంది బావా. తప్పని ఎర్రగా చూపిస్తే నర్సులు హడలిపోతున్నారు."

"అబ్బో, ఏం తెలివిరా!" అని ఆయన పగలబడి నవ్వారు.

ఆ ఏడాదే ఆయన జ్వరంతో వాడి ప్రోగ్రాం నడిచే ఆసుపత్రిలోనే చేరారు. ఫలానా ఇంజెక్షన్ ఆయనకు పడదని చేరేటప్పుడు నేనే చెప్పి రాయించాను. అదే ఇచ్చారు. పావుగంటలో అంతా అయిపోయింది.

గడి ఖాళీగా ఉంటే పడని మందులేవీ లేవనుకున్నానని నర్సు ఏడ్చింది. ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు. తీసేయండి, జైల్లో పెట్టండి అని నేనూ అరిచాను.

వారం తర్వాత తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, తప్పు నర్సుది కాదు. నెల కిందట పడని మందుల ప్రాపర్టీకి నేను పేరు మార్చాను. వార్డువాళ్లు ఎంచుకున్న జాబితాలో పాత పేరే ఉండిపోయింది. అది మార్చడం మర్చిపోయాను. పాత పేరుతో వెతికితే ఏం దొరుకుతుంది? ఖాళీ చూపించింది. పొద్దున ఆఫీసులో తప్పు నాదేనని రాసిచ్చి వచ్చాను."

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అది తెలిసి కూడా, "నా కళ్లెదుట నుంచి పో" అన్నాను. నర్సు ఉద్యోగం నిలిచింది, వాడిది పోయింది. ఏడాదిపాటు వాడి మొహం చూడలేదు. కడుపులో పెట్టుకుని చూసుకున్నవాణ్ణి! ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

మొన్న మా పాపను బడిలో చేర్చాల్సి వచ్చింది. ఫారం నింపడానికి నాకు చెయ్యి రాలేదు. పంతం పక్కన పెట్టి వాడికే ఫోన్ చేశాను. పరుగున వచ్చాడు. అంత నసగాడూ ఒక్క మాట మాట్లాడకుండా రాసుకుంటూ పోయి, తండ్రి వివరాల దగ్గర ఆగిపోయాడు.

"వదిలెయ్‌రా" అన్నాను.

"ఖాళీగా వదలకూడదక్కా."

బావ పేరు రాశాడు. పక్కన 'లేరు' అని రాశాడు. లేచి వెళ్లి వాడికి అన్నం వడ్డించాను.