గోడకు మూడు దెబ్బలు

ఇరవై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాను. చనిపోయిన కార్మికులు కిందే తిరుగుతుంటారని తోటివాళ్లు చెబితే నవ్వేవాణ్ణి. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్నాను. ఇందులో నా అబద్ధం ఒకటుంది.

నా బిడ్డ సిరికి నాలుగేళ్లప్పుడు ఎముకలు రాయిలా గట్టిపడే జబ్బు బయటపడింది. లోపల మూలుగకు చోటుండదు. రక్తం తయారు కాదు. చూపు కూడా తగ్గుతోంది. మూలకణాలు మార్చాలన్నారు. పూర్తిగా సరిపోయే దాత దొరకలేదు. నావీ, నా భార్య లక్ష్మివీ సగమే సరిపోయాయి. డాక్టర్లు నన్ను ఎంచుకున్నారు.

బాయిలో దిగగానే మేము కర్రతో పైకప్పును కొట్టి వింటాం. గట్టిగా మోగితే భయం లేదు, బోలుగా మోగితే తప్పుకోవాలి. ఆ అలవాటుతో రోజూ సిరి మంచం పట్టీ మీద మూడు దెబ్బలు కొట్టేవాణ్ణి. "గట్టిగున్నది బాపూ!" అని నవ్వేది. ఆ గట్టిదనమే తనను చంపుతోందని పిల్లకేం తెలుసు?

"మూలుగ ఇస్తే నడుం పోతదన్నా. అన్‌ఫిట్ జేసి ఇంట్ల కూసోబెడ్తరు," అన్నాడు నాతో బాయిలో దిగే మల్లేశ్. అదేం కాదని డాక్టరు చెప్పినా నేను మల్లేశ్‌నే నమ్మాను. సిరికి అప్పటికే మందులెక్కించి పాత మూలుగను చంపేస్తున్నారు; కొత్తది ఎక్కకపోతే బతకదు. కణాలు తీసే ముందు నాకిచ్చే సూదులు మొదలవ్వాల్సిన పొద్దున హైదరాబాద్ ఆసుపత్రి నుంచి పారిపోయాను. ఫోన్ ఆపేశాను.

ఐదో రోజు మధ్యాహ్నం కొండగట్టు గుడి మెట్ల మీద కూర్చున్నాను. నాకు తెలియకుండానే వేళ్లతో రాతిని కొడుతున్నాను. మూడేసి దెబ్బలు. సాయంత్రం ఫోన్ తెరిచాను.

"సిగ్గున్నదా నీకు? నేనే ఇచ్చిన," అంది లక్ష్మి. అంతలోనే గొంతు తగ్గించింది. "నువ్వు గీడికొచ్చినవా? మధ్యాహ్నం కణాలు ఎక్కినంత సేపు గోడకు మూడు మూడు దెబ్బలు. 'గట్టిగున్నది బాపూ' అనుకుంటనే పండుకున్నది పిల్ల. నర్సు గూడ విన్నది."

తర్వాత వెళ్లి చూశాను. సిరి గది నాలుగో అంతస్తులో ఉంది. ఆ గోడకు అవతల గాలి తప్ప ఏమీ లేదు. కనీసం పైపు కూడా లేదు.

సిరి బతికింది. ఉన్న చూపు నిలిచింది. బిడ్డకు మూలుగిచ్చిన తండ్రి అని కాలనీలో నాకు శాలువా కప్పారు. లక్ష్మి తల వంచుకుంది. నేను కప్పించుకున్నాను.

ఇచ్చింది లక్ష్మి.

సిరికి ఇప్పుడు పదకొండేళ్లు. పోయిన వారం తనకు జరిగిందంతా చెప్పాను. చాలాసేపు నా మొహం చూడలేదు.

"మరి గప్పుడు కొట్టిందెవరు బాపూ?" అంది చివరికి.

నేనని చెప్పే హక్కు నాకు లేదు. కాదందామంటే, ఆ రాతి మీద నా వేళ్లు గుర్తొస్తున్నాయి.