గనీ భాయ్ చేతికొచ్చిన విమానం

మొగుళ్లపల్లిలో బస్సులు ఆగే చోటికి దగ్గర్లోనే రేకుల షెడ్డులో అబ్దుల్ గనీ షాపు ఉంది. పత్తికి మందు కొట్టే పెట్రోలు పంపులు బాగుచేయడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాడు. ఇంజన్ స్టార్ట్ చేసి తల కాస్త వంచి విన్నాడంటే పెట్రోలు ఎక్కువ పోతోందో, గాలి ఎక్కువ పోతోందో చెప్పేసేవాడు. మొగుళ్లపల్లి రైతులే కాదు, టేకుమట్ల నుంచి కూడా పంపులు మోసుకొచ్చేవారు.

యాభై ఆరో ఏట ఆయనకు వినికిడి తగ్గడం మొదలైంది. మొదట ఫోను మోత వినబడలేదు. తర్వాత మనిషి పక్కకు తిరిగి మాట్లాడితే సగం మాటలు పోయేవి. భార్య హాజిరా బీ దవాఖానకు పోదామని ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. మెకానిక్‌కు చెవుడని తెలిస్తే ఎవరొస్తారని ఆయన భయం. అర్థం కాకపోయినా తల ఊపడం అలవాటు చేసుకున్నాడు. ప్లగ్ మార్చమన్న రైతుకు కార్బొరేటర్ విప్పి పెట్టాడొకసారి. అలాంటివి రెండు మూడు జరిగాక, కొందరు చెప్పకుండానే పంపులు పట్టుకుని పరకాలకు పోసాగారు.

అలాంటి రోజుల్లో భూపాలపల్లి నుంచి పురుషోత్తం ఆటోలో ఒక చిన్న విమానం తెచ్చాడు. ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తేలికపాటి చెక్కతో రెండేళ్లు కూర్చుని దాన్ని సొంతంగా తయారుచేశాడు. నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేసే విమానం. ముక్కుకు పంకా, దాని వెనక పిడికిలంత ఇంజన్ ఉన్నాయి. స్టార్ట్ అవుతుంది గానీ, వేగం పెంచగానే ఆగిపోతోంది. గనీ చేతికిస్తే దారికొస్తుందని పాత విద్యార్థి ఒకరు చెప్పారట.

ఇంజన్‌ను గనీ చాలాసేపు తిప్పి చూశాడు. ఆముదం వాసన వస్తోంది. దీనికి పెట్రోలు పొయ్యరని, మిథనాల్‌లో ఆముదం కలిపి పోస్తారని పురుషోత్తం చెప్పాడు. నిప్పురవ్వ కూడా ఉండదు. ప్లగ్‌లోని సన్నని తీగను మొదట బ్యాటరీతో ఎర్రగా కాల్చాలి. ఇంజన్ అందుకున్నాక ఆ వేడికే తీగ మండుతూ ఉంటుంది. సర్దాల్సిందల్లా నీడిల్ అనే ఒక్క చిన్న మర. బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది.

ఆదివారం పొద్దున ఇద్దరూ ఊరి బయట బీడు భూమికి వెళ్లారు. ఇంజన్ తిరుగుతుంటే గనీ నీడిల్ బిగిస్తూ పోయాడు. పొగ పలచబడింది, పంకా కంటికి కనబడనంత జోరందుకుంది. పురుషోత్తం పక్క నుంచి ఏదో అన్నాడు. గనీ తల ఊపాడు. విమానం పరుగెత్తి లేచింది. ముక్కు పైకెత్తి చెట్లు దాటిందో లేదో పంకా ఆగిపోయింది. పత్తి చేనులో పడి, ఎడమ రెక్క రెండు ముక్కలైంది.

విరిగిన రెక్క ఒళ్లో పెట్టుకుని పురుషోత్తం గట్టు మీద కూర్చున్నాడు. కోప్పడలేదు. గనీ వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు.

"శబ్దం సన్నగ కూస్తుంది, జర వదులు అన్న గద గనీ భాయ్. ఇనలేదా?"

గనీ ఆ రెక్క వైపు చూశాడు. రెండేళ్ల కష్టం పురుషోత్తం ఒళ్లో ముక్కలై ఉంది.

"ఇనలేదు సార్. ఏడాది సంది నాకు సరిగ ఇనబడుతలేదు. ఇంట్ల తప్ప ఎవలకు చెప్పలే."

"మరి గిన్ని రోజులు పంపులెట్ల చేసినవ్?"

ఆ ప్రశ్న గనీ తనకు తాను ఎప్పుడూ వేసుకోలేదు. తన అరచేతులు చూసుకున్నాడు.

"చెయ్యి పెట్టి చూస్తున్న సార్. ఇంజన్ ఎట్ల అదురుతుందో చేతికి తెలుస్తది."

"అయితే గిది కూడ చేతితోనే చూడు. ఇనేది నేనింట," అన్నాడు పురుషోత్తం.

రెక్క అతకడానికి మూడు వారాలు పట్టింది. మళ్లీ బీడు భూమికి వెళ్లారు. పురుషోత్తం విమానాన్ని గట్టిగా పట్టుకున్నాడు. గనీ పంకాకు వెనక కూర్చుని ఒక చెయ్యి విమానం ఒంటి మీద పెట్టాడు, రెండో చేత్తో నీడిల్ పట్టుకున్నాడు. మొదట పొగ దట్టంగా వచ్చింది, అరచేతి కింద ఇంజన్ ఎగుడుదిగుడుగా కొట్టుకుంది. కొంచెం కొంచెం బిగిస్తుంటే ఆ దెబ్బలు కలిసిపోయి ఒకటే వణుకైంది. గనీ సైగ చేయగానే పురుషోత్తం విమానం ముక్కును ఆకాశం వైపు ఎత్తాడు. వణుకు ఒక్కసారిగా నీరసించింది. పోయినసారి ఎక్కడ తప్పు జరిగిందో గనీకి అప్పుడు తెలిసింది. నేల మీద సరిపోయిన ఇంధనం పైకి లేచేటప్పుడు సరిపోదు. ఎప్పుడూ నిటారుగానే ఉండే రైతు వీపు మీది పంపుకు ఈ బాధ లేదు. ఆయన నీడిల్‌ను టక్ టక్‌మని రెండు మెట్లు వదిలాడు. మళ్లీ ఎత్తి చూశారు. ఈసారి వణుకు మారలేదు. శబ్దం కూడా నిండుగా ఉందని పురుషోత్తం బొటనవేలు ఎత్తి చూపించాడు.

విమానం ఏడు నిమిషాలు ఎగిరింది. గనీకి దాని మోత వినబడలేదు. వెనక తెల్లటి పొగ తెగకుండా గీతలా సాగుతుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాడు. దిగాక పురుషోత్తం ఆయన భుజం పట్టుకుని ఊపాడు. గనీ కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు తనే హాజిరా బీని బయల్దేరదీసి, వరంగల్ దవాఖానకు వెళ్లాడు. చెవికి మిషన్ పెట్టారు. మనుషులతో మాట్లాడేటప్పుడు అది పెట్టుకుంటాడు. ఇంజన్ ముట్టేటప్పుడు తీసేస్తాడు, సుత్తి దెబ్బ కూడా పిడుగులా వినబడుతుందని. షాపుకొచ్చిన వాళ్లకు, "నాకు తక్కువ ఇనబడ్తది, ముందటికొచ్చి చెప్పుండ్రి" అని దాచకుండా చెబుతున్నాడు. అలా చెప్పినందుకు ఎవరూ పంపు వెనక్కి తీసుకుపోలేదు. పరకాల పోయినవాళ్లలో నలుగురైదుగురు తిరిగొచ్చారు కూడా.

ఆదివారాలు మాత్రం షాపు మూసే ఉంటుంది. ఇప్పుడు రిమోట్ కూడా గనీయే పట్టుకుంటున్నాడు. పోయిన వారం విమానాన్ని లేపి, బీడు చుట్టూ మూడు చుట్లు తిప్పాడు. దించడం ఇంకా చేతకాలేదు. అది పురుషోత్తమే చేస్తున్నాడు.